ఏడు వీడ్కోళ్ల గడియారం

మా నీటి పరీక్షల ల్యాబులో ఒకే మనిషికి ఏడుసార్లు వీడ్కోలు సభ జరిగింది. ఏడుసార్లూ పెద్దసారు గొంతు సవరించుకుని, "వీరు లేని లోటు తీరనిది" అనే మాట ఎత్తుకున్నారు. ఆరుసార్లు ఆ లోటు ఒక్కరోజులో తీరిపోయింది. ఏడోసారి తీరలేదు.

ఆ మనిషిని అందరం చుక్కలక్క అనేవాళ్లం. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లం కూడా అలాగే పిలిచేవాళ్లం. ఆ పేరు ఆమె పని వల్ల వచ్చింది. పొద్దున్నే సీసాల బుట్ట భుజానికి తగిలించుకుని ఊరి మీద పడేది. ఆసుపత్రి కుళాయి, బడి కుళాయి, బస్టాండు కుళాయి. ఒక్కో కుళాయి మూతిని స్పిరిట్ మంటతో కాల్చి, కాసేపు నీళ్లు వదిలేసి, సీసా అంచుకి వేలు తగలకుండా పట్టేది. దారినపోయేవాళ్లు ఆగి చూసేవారు.

"ఏంటమ్మా, కుళాయికి వాత పెడుతున్నావు? ఏం తప్పు చేసింది?" అని ఒక ముసలాయన అడిగాడట.

"రేపు చెబుతా బాబాయ్, ఇంకా విచారణ జరుగుతోంది" అందట మా చుక్కలక్క.

రేపు అనడం ఊరికే కాదు. తెచ్చిన నీళ్లని వడకట్టి, గుండ్రటి గాజు ప్లేట్లలో పెట్టి, వెచ్చగా ఉండే పెట్టెలోకి తోసేది. మేం దాన్ని పొదుగుపెట్టె అనేవాళ్లం. నీళ్లలో పురుగుంటే మర్నాటికి ప్లేటు మీద ఎర్రటి చుక్కలు పొడిచేవి. వాటిని లెక్కపెట్టడమే ఆమె ఉద్యోగం. లెక్క ఎక్కువొస్తే ఆ వీధికి నీళ్లు ఆగిపోతాయి. ఇవాళ పెట్టిన ప్లేటు రేపు చదవాల్సిందే. ఎల్లుండికి చుక్కలన్నీ కలిసిపోయి ఒకటే మచ్చ అవుతుంది, ఇక ఏ తల్లీ లెక్కపెట్టలేదు.

ఇంత చేసినా ఆమెది ఏడాది గడువు ఉద్యోగం. గడువు తీరగానే మళ్లీ ఏడాది ఇచ్చేవారు. కాకపోతే మధ్యలో ఒక్కరోజు ఖాళీ ఉండాలి. అది హెడ్డాఫీసు పెట్టిన మెలిక. ఆ ఒక్కరోజూ ఆమెవరో మేమెవరమో. ఇలా ఏటా తెంపి ముడేస్తూ పోతే, రేపొద్దున "ఇన్నేళ్లు చేశాను, నా సంగతేంటి?" అని అడిగే హక్కు లేకుండా పోతుందని వాళ్ల ముందుచూపు. నిజంగానే సాగనంపామనడానికి వీడ్కోలు సభ ఫోటో కూడా పంపమనేవారు.

హెడ్డాఫీసుకి ఫైళ్లు తెలుసుగానీ ప్లేట్లు తెలియవు. గడువు ఆఖరి రోజున పెట్టిన ప్లేట్లని మర్నాడు ఎవరు చదవాలి? మాలో ఎవరికీ ఆ కన్ను లేదు. మొదటి ఏడే ఆమె ఒకరోజు సెలవు పెడితే పెద్దసారు పూనుకుని, తన కళ్లద్దాల మీద పడ్డ సిరా చుక్కని కూడా లెక్కేసి, ఒక పేటకి పేట నీళ్లు ఆపించబోయారు. ఆ తర్వాత ఆయనే ఉపాయం కనిపెట్టారు.

"అమ్మా, రేపు మీరు ఉద్యోగి కారు. ఒప్పుకుంటాను. కానీ అతిథిగా రావచ్చు కదా? మన ఇంటికి చుట్టం రాకూడదనడానికి హెడ్డాఫీసు ఎవరు?"

అలా ఏడాదికొకసారి చుక్కలక్క మా ఆఫీసుకి చుట్టపుచూపుగా వచ్చేది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని సందర్శకుల కుర్చీలో కూర్చునేది. మిగతా రోజుల్లో గ్లాసు ఠపీమని పెట్టి పోయే టీ బాబాయి ఆవేళ సాసర్లో కప్పు పెట్టి, నడుం వంచి మరీ అడిగేవాడు.

"చక్కెర ఎంత వేయమంటారండీ?"

"వేషాలు చాల్లే బాబాయ్. రోజూ వేసేదే వెయ్యి."

టీ అవగానే చేతులు కడుక్కుని, పొదుగుపెట్టె తెరిచి ప్లేట్లు చదివేది. అంకెలు ఆమె చెబుతుంటే పెద్దసారు తన చేత్తో రాసుకుని తన సంతకం పెట్టేవారు. చుట్టాల చేత సంతకం పెట్టించకూడదు కదా.

ఇక గడియారం సంగతి. మొదటి వీడ్కోలుకి తలా కాస్త వేసుకుని గోడ గడియారం కొన్నాం. గేటు దగ్గర దాన్ని చేతికిచ్చి ఫోటో తీశాం. మర్నాడు అతిథిగా వచ్చి, ఆ పైరోజు ఉద్యోగిగా వచ్చేసరికి ఆమెకే మొహం చెల్లలేదు.

"అన్నయ్యా, వెళ్లిపోనిదానికి వీడ్కోలు గడియారం ఎందుకు? మీ స్టోర్లో పెట్టుకోండి" అని సంచీలోంచి తీసి నాకిచ్చింది. నేనా ల్యాబులో స్టోరుకీపర్ని. ఏ వస్తువు వచ్చినా ముందు అరలో పెట్టి, తర్వాత ఆలోచించడం నా వృత్తి. పెట్టాను. మరుసటి ఏడు వీడ్కోలు రోజు రానే వచ్చింది. మళ్లీ చందాలంటే ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. అరలోంచి అదే గడియారం తీసి, కొత్త రిబ్బను కట్టి ఇచ్చాం.

ఆ తర్వాత అదే ఆనవాయితీ అయిపోయింది. సాయంత్రం గడియారం గేటు దాటేది, మర్నాడు చుట్టంతో పాటు తిరిగొచ్చేది. దాని అద్దం మీద కంపెనీవాళ్లు అంటించిన నీలం ప్లాస్టిక్ పొరని ఎవరినీ ముట్టనివ్వలేదు నేను. వచ్చే ఏటికి కొత్తదానిలా ఉండాలిగా! మూడో ఏడు ఆ పొర ఒక మూల లేచింది. ప్రథమ చికిత్స డబ్బాలోంచి ప్లాస్టర్ ముక్క కత్తిరించి అంటించాను. తలకి దెబ్బ తగిలిన గడియారంలా తయారైంది పాపం.

ఇదంతా మాకు నవ్వులాటగానే ఉండేది. చుక్కలక్క ఇంట్లో మాత్రం ఇంకో కథ నడిచింది. వాళ్లది మా వీధే. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు. ఏటా ఒకరోజు తన ఉద్యోగం ఊడుతుందన్న సంగతి అత్తగారికి చెప్పడం చుక్కలక్కకి నామోషీ. అందుకని మొదటి ఏడే, "బాగా పనిచేసినందుకు ఆఫీసులో బహుమతి ఇచ్చారత్తయ్యా" అని చెప్పింది. అత్తగారు మురిసిపోయి మేకు కోసం వెతికేలోపు గడియారం మాయం. రెండో ఏడు మళ్లీ బహుమతి, మళ్లీ మాయం. అడిగితే, "ఆఫీసులో పెట్టానత్తయ్యా" అనేది కోడలు, తల ఎత్తకుండా.

అత్తగారు రెట్టించలేదు. రెట్టిస్తే తెలిసిపోతుంది కదా, అప్పుడిక అనుమానించడానికి ఏముంటుంది? ఆవిడ తన లెక్క తను వేసుకుంది. ఏటా గడియారం వస్తోంది, ఏటా పోతోంది. ఎక్కడికి పోతుంది? ఇంకెక్కడికి, కోడలి పుట్టింటికే. పని కల్పించుకుని వియ్యపురాలింటికి వెళ్లి, నాలుగ్గదుల గోడలూ నాలుగువైపులా చూసొచ్చింది. ఒక్క గడియారం కనబడలేదు. దాంతో అనుమానం పోవాలా? మరింత గట్టిపడింది.

"దాచేశారు. లేకపోతే అమ్ముకున్నారు" అంది మా ఆవిడతో, కిరాణా కొట్టు దగ్గర. మా ఆవిడ ఆ మాట నా దాకా తెచ్చింది అంతా అయ్యాకే.

అప్పట్నుంచి వియ్యపురాలితో మాట కరువైంది. ఇంట్లో మటుకు విసుర్లకి కరువు లేదు. "టైమెంతయిందత్తయ్యా?" అని కోడలు అడగడమే పాపం. "నన్నడుగుతావేంటమ్మాయ్, మీవాళ్లకి ఫోన్ చేసి కనుక్కో. అక్కడైతే బాగా తెలుస్తుంది" అనేది. చుక్కలక్కకి అర్థమయ్యేది కాదు. పుట్టింటివాళ్లు తరచూ ఫోన్ చేస్తున్నారని దెప్పుతోందనుకుని, వాళ్లని ఫోన్ తగ్గించమంది.

ఏడో వీడ్కోలు నిజమైంది. ఊళ్లోని చిన్న ల్యాబులన్నీ కలిపి కొత్త భవనంలో పెద్ద ల్యాబు పెడుతున్నారు, మాది మూసేస్తారు. పర్మినెంటువాళ్లం అందరం కొత్త భవనానికి మారతాం. చుక్కలక్క గడువు మాత్రం మళ్లీ పెంచరు. ఆ సాయంత్రం పెద్దసారు లేచి, "వీరు లేని లోటు..." అని ఆగిపోయారు. ఆరేళ్లుగా గడగడా చెప్పిన వాక్యం, ఆవేళ సగంలో విరిగింది. గడియారం చేతిలో పెట్టాక, "ఎల్లుండి కలుద్దాం" అని ఎవరూ అనలేదు. మర్నాడు ప్లేట్లు లేవు కాబట్టి అతిథి కూడా లేదు.

అత్తగారికి చెప్పక తప్పలేదు. చెప్పింది కూడా ఎంత అవసరమో అంతే: "ల్యాబు మూసేస్తున్నారు, నన్ను తీసేశారు." వెనకటి ఆరుసార్ల సంగతి నోరు దాటలేదు. అత్తగారు ఆ రోజు విసుర్లు మానేసి, తన కంచంలో కూర కోడలికి వేసింది.

నెల తిరిగేసరికి, కొత్త ల్యాబులో ప్లేట్లు చదివే ఖాళీ ఒకటుందని, బయటివాళ్లని పిలుస్తున్నారని తెలిసింది. అచ్చంగా ఈమె పనే! చుక్కలక్క హెడ్డాఫీసుకి వెళ్లి అడిగింది. "మీరు పాత ఉద్యోగి కాదు కదమ్మా, అందరితో పాటే మీరూ. పైగా వయసు దాటింది" అన్నారట. ఆ రోజు ఆమె తిన్నగా మా ఇంటికి వచ్చి, మంచినీళ్లు అడిగి, గ్లాసు పైకెత్తి వెలుతురులో చూస్తూ కూర్చుండిపోయింది. తాగలేదు. నాకు ఆ సాయంత్రం నిలవబుద్ధి కాలేదు. యూనియన్‌లో తెలిసినాయన ఉంటే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. మనిషి గంభీరంగా ఉంటాడు, మాట మాత్రం తేట.

"చూడమ్మా, గడువు తీరింది, మేం తీసెయ్యలేదు అంటారు వాళ్లు. అది చెల్లదు. పని అయిపోయిందని గడువు పెంచకపోవడం కూడా చట్టం దృష్టిలో తీసెయ్యడమే. ఇన్నేళ్లు తెగకుండా చేసినవాళ్లని అలా పంపెయ్యకూడదు. ఎందుకు పంపుతున్నారో చెప్పాలి, కూర్చోబెట్టి మాట్లాడాలి. అదే సంస్థలో మీకు పనికొచ్చే ఖాళీ ఉంటే బయటివాళ్లకంటే ముందు మిమ్మల్నే అడగాలి. ఏదీ కుదరకపోతేనే పరిహారం."

"నాకు పరిహారం వద్దండీ. నా ప్లేట్లు నాకిస్తే చాలు."

"ఇస్తారు. తెగకుండా చేశారని తేలితే. మీకు మధ్యలో ఏమైనా తెగిందా?"

చుక్కలక్క నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. చివరికి అతిథి రోజుల సంగతి చెప్పాం. ఆయన చాలాసేపు నవ్వి, ఆ తర్వాత చాలాసేపు నవ్వలేదు.

"ఆ రోజుల్లో పనిచేశారని మీ పెద్దసారు నోటితో చెప్పాలి. సంతకాలన్నీ ఆయనవే కదా. చెబుతాడా?"

పెద్దసారు మంచివాడు. పెన్షన్ దగ్గరపడ్డ మంచివాడు. అడిగితే, "తప్పకుండా... చూద్దాం... పిలిస్తే వస్తాను" అని నీళ్లు నమిలారు.

యూనియనాయన లేబరాఫీసులో కేసు వేయించాడు. విచారణ రోజున లారీ ఎక్కడో ఇరుక్కుపోయి భర్త రాలేదు. "ఒక్కదానివే వెళ్తావా ఏంటి? నేనొస్తా పద" అని అత్తగారు చెప్పులేసుకుంది. వద్దంటే వినే మనిషి కాదు. చిన్న గది, పొడుగాటి బల్ల, వెనక రెండు బెంచీలు, ఒకదాని చివర పెద్దసారు. విచారణ అధికారి ఒక నడివయసు ఆవిడ, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఉంది. చుక్కలక్క రాగానే నా పక్కన సంచీ పెట్టి గుసగుసగా, "అన్నయ్యా, ఇందులో గడియారం ఉంది. స్టోరుది కదా, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి" అంది. ఉద్యోగం కోసం విచారణకొచ్చిన మనిషి, ఆఫీసు వస్తువు అప్పజెప్పడం మర్చిపోలేదు!

హెడ్డాఫీసు వకీలు కుర్రవాడు, చొక్కా మడత నలగనివాడు. లేచి చెప్పాడు.

"మేడమ్, ఈమెని ఎవరూ తీసెయ్యలేదు. గడువు తీరింది, వెళ్లారు. ఒకసారి కాదు, ఏడుసార్లు తీరింది, ఏడుసార్లూ వెళ్లారు. తెగకుండా చేశారన్న మాటే లేదు. మేం మర్యాదగా సాగనంపాం కూడా. ఇవిగో ఫోటోలు."

ఏడు ఫోటోలు బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. సరదాకి నవ్వుతూ దిగిన ఫోటోలు, ఇప్పుడు ఆమె మెడకే చుట్టుకుంటున్నాయి. యూనియనాయన ఏదో చెప్పబోయాడు. అంతలో వెనక బెంచీ కిర్రుమంది.

"ఏడూ ఉన్నాయా? ఏవీ, నన్ను చూడనివ్వండి!"

అత్తగారు. ఎవరూ ఆపేలోపే బల్ల దగ్గరికి వచ్చేసింది.

"అమ్మా, కూర్చోండి. మీరెవరు?" అంది అధికారి.

"అత్తని. ఆరేళ్లుగా కడుపులో దాచుకున్నానమ్మా. చూడండి, మీరే చూడండి! ఏడాదికో గడియారం. ఒక్కటైనా మా గోడకెక్కిందా? ఆరు గడియారాలు పుట్టింటికి చేరేసింది!"

చుక్కలక్క మొహం కందిపోయింది. ఆరేళ్లుగా తిన్న విసుర్లన్నీ అప్పుడర్థమైనట్టున్నాయి. మాట్లాడొద్దని యూనియనాయన సైగ చేస్తూనే ఉన్నాడు.

"పుట్టింటికా?" అంది. "అందుకా మా అమ్మతో మాట్లాడటం మానేశారు? ఆరు కాదత్తయ్యా. ఒక్కటే."

"ఒక్కటేంటే, కళ్ల ముందు ఏడు కనబడుతుంటే?"

"ఏడు కనబడుతున్నాయి. ఉన్నది ఒక్కటే." సంచీలోంచి గడియారం తీసి బల్ల మీద పెట్టింది. నీలం పొర, మూలన ప్లాస్టర్ ముక్క. "ఏటేటా దీన్నే ఇచ్చేవాళ్లు. మర్నాడు నేను తిరిగిచ్చేసేదాన్ని. ఇది బహుమతి కాదు. ఏటా ఒకరోజు నా ఉద్యోగం పోయేది అత్తయ్యా. మీకు చెప్పడానికి సిగ్గేసింది."

అత్తగారు గడియారాన్ని చూసింది, ఫోటోల్ని చూసింది, మెల్లగా అక్కడున్న కుర్చీలోనే కూర్చుంది. అది వకీలుగారి కుర్చీ. ఆయన పాపం నిలబడే ఉన్నాడు.

అధికారి ముక్కు తుడుచుకుని, ఫోటోలు ఒక్కొక్కటే గడియారం పక్కన పెట్టి చూసింది.

"మూడో ఫోటో నుంచీ ఈ ప్లాస్టర్ ఉంది. గడియారానికి దెబ్బ తగిలిందా?"

"లేదండీ, పొర లేస్తే నేనే అంటించాను" అని లేచి నిలబడ్డాను.

"పొర ఎందుకు తియ్యలేదు?"

"వచ్చే ఏడు మళ్లీ ఇవ్వాలి కదండీ."

ఆవిడ నవ్వలేదుగానీ, జేబురుమాలు మాత్రం మూతికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పెద్దసారు వైపు తిరిగింది.

"వచ్చే ఏడు మళ్లీ ఇస్తామని తెలిసే వీడ్కోలు చెప్పేవారన్నమాట. మరి ఆ మర్నాడు ఈమె ఏం చేసేది?"

పెద్దసారు లేచారు. కళ్లద్దాలు తీసి తుడిచారు. పెట్టుకున్నారు. మళ్లీ తీశారు. ఆయన పెన్షన్ కాగితాలు కదిలేది హెడ్డాఫీసు బల్లల మీదేనని గదిలో అందరికీ తెలుసు.

"సార్, మీకు ఇబ్బందైతే వద్దులెండి" అంది చుక్కలక్క.

ఆమె ఆ మాట అనకపోతే ఆయన ఇంకా తుడుస్తూనే ఉండేవారేమో. కళ్లద్దాలు జేబులో పెట్టేసుకున్నారు.

"వచ్చేవారండీ. అతిథిగా."

"అతిథిగా వచ్చి?"

"టీ తాగేవారు. సాసర్లో ఇచ్చేవాళ్లం."

"టీ తాగి?"

"ప్లేట్లు చదివేవారు. మొదటి ఏటి నుంచీ, ప్రతి ఏడూ. అంకెలు ఆవిడవి, సంతకం నాది. నాకు చదవడం రాదండీ. ఆ రోజు ఆవిడ రాకపోతే ఊరు ఏ నీళ్లు తాగిందో నాకు తెలిసేది కాదు." ఇంతా చెప్పి, అలవాటు కొద్దీ, "వీరు లేని లోటు తీరనిది" అని కూర్చున్నారు.

"చుట్టాల చేత చాకిరీ చేయించుకునే ఇంటిని ఇప్పుడే చూస్తున్నాను" అంది అధికారి, రాసుకుంటూ.

వకీలు ఏదో అనబోయి, కూర్చోడానికి కుర్చీ లేక ఊరుకున్నాడు.

కొన్నాళ్లకి తీర్పు వచ్చింది. ఆ ఒక్కరోజు విరామం పేరుకే అనీ, పని తెగలేదనీ, గడువు పెంచకపోవడం తీసెయ్యడమే అవుతుందనీ, కొత్త ల్యాబు ఖాళీకి ముందు ఈమెని అడగకపోవడం తప్పనీ చెప్పి, ఆ పని ఈమెకే ఇవ్వమన్నారు. పాత ఏళ్లన్నీ లెక్కలోకి వచ్చాయి. పెద్దసారుకి సంజాయిషీ చెప్పమని హెడ్డాఫీసు తాఖీదు పంపింది. సర్వీసు మొత్తంలో అదే మొదటిదట. భయపడతారనుకున్నాం. శుభలేఖలా పట్టుకుని ఆఫీసంతా తిప్పి చూపించారు.

చేరేముందు రోజు చుక్కలక్క మా ఇంటికి వచ్చి, "అన్నయ్యా, విచారణ రోజున గడియారాన్ని అత్తయ్య మళ్లీ ఇంటికే తెచ్చేశారు. వచ్చి స్టోరుకి తీసుకెళ్లండి" అంది. వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. లారీ దిగి వచ్చిన భర్త కుర్చీ ఎక్కి గోడకి మేకు కొడుతున్నాడు. కింద అత్తగారు గడియారం ఒళ్లో పెట్టుకుని, నేనంటించిన ప్లాస్టర్ని గోటితో పీకుతోంది. పక్కన వియ్యపురాలు కూర్చుని బ్యాటరీ పట్టుకుంది. ఆవిడ్ని పిలిపించింది అత్తగారే. క్షమాపణ లాంటివేమీ చెప్పలేదట. "మా ఇంట్లో గడియారం పెడుతున్నాం, చూసిపోదువుగాని రా" అని కబురు చేసిందట.

"ఇది స్టోరు వస్తువండీ" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఏడుసార్లు ఇచ్చారుగా, ఇంకెన్నిసార్లిస్తే మాదవుతుంది?" అంది అత్తగారు. ప్లాస్టర్ ఊడింది. ఆవిడ నీలం పొర అంచు పట్టుకుని సర్రున లాగింది.

వంటింట్లోంచి చుక్కలక్క పరిగెత్తుకొచ్చింది. "అయ్యో అత్తయ్యా, పొర తియ్యకండి!"

"ఎందుకే?" అంది అత్తగారు, పొరని ఉండచుట్టి నా చేతిలో పెడుతూ. "మళ్లీ ఎవరికివ్వాలి?"